అత్తగారి కారుకో వాషరు

కుక్కరు రబ్బరు సాగిపోయి ఆవిరంతా పక్కల నుంచి బుస్సుమని పోతుంటే ఏం చేస్తాం? బజారుకెళ్ళి కొత్త గాస్కెట్టు తెచ్చుకుంటాం. షాపువాడు "ఎన్ని లీటర్లదమ్మా?" అంటాడు. అయిదనుకుని తెస్తే మన కుక్కరు మూడని ఇంటికొచ్చాక తెలుస్తుంది. మళ్ళీ వెళ్తాం. ఈసారి లీటర్లు సరిపోతాయి గానీ కంపెనీ వేరవుతుంది. మూడోసారికి బుద్ధొచ్చి పాత రబ్బరునే సంచీలో వేసుకుని వెళ్ళి, దాని పక్కన పెట్టి చూసుకుని మరీ కొంటాం. మిక్సీ జారు కింద అరిగిపోయే ఆ నల్ల ముక్క దగ్గరా ఇదే భాగోతం. పాత ముక్క చేతిలో లేకుండా షాపు మెట్లెక్కకూడదన్నది ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతే.

నాకు తెలిసిన ఈ ఒక్క విద్యతోనే మా ఇంట్లో నలభై ఏళ్ళ నాటి అంబాసిడర్ కారుకి బ్రేకులు బాగుచేయించానంటే మీరు నవ్వుతారేమో. మా వారు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. నవ్వనివ్వండి. అసలా బ్రేకులు పాడవడానికి కారణం ఎవరో కాసేపట్లో చెప్తాను.

కారు మా మావయ్యగారిది. 1983లో కొన్నారు. డబ్బు కట్టి, మన వరస ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే రోజులవి. తీరా బండి ఇంటికొచ్చిన ఆ ఏడాదే డిసెంబరులో మారుతీ 800 దిగింది. "తొందరపడ్డావురా, చిన్న కారు వచ్చేసింది" అని బంధువులు ఎకసెక్కాలాడితే, మావయ్యగారు "అందులో వంద కాయ పడుతుందా?" అనేవారట. కొబ్బరికాయలు పట్టే డిక్కీ లేకపోతే అది కారే కాదు ఆయన లెక్కలో. దింపు అయ్యాక అంబాజీపేటకి మచ్చు కాయ పట్టుకెళ్ళడం దగ్గర్నుంచి పురుటికి ఆడపిల్లని తీసుకురావడం దాకా అన్నిటికీ అదే.

నేను కాపరానికి వచ్చింది కూడా అందులోనే. మా పుట్టిల్లు గౌతమికి అవతల. కోటిపల్లి రేవులో పంటు మీదికి పలకలు వేసి కారుని ఎక్కించారు. కొత్త పెళ్ళికూతుర్ని, దిగమంటే ఎలా దిగను? బాసికం కూడా విప్పలేదు. కళ్ళు మూసుకుని లోపలే కూర్చున్నాను. ఇవతల ముక్తేశ్వరం రేవులో పలకల మీంచి దిగేటప్పుడు మావయ్యగారు ఒక చేత్తో చేతిబ్రేకు పట్టుకుని, అంగుళం అంగుళం చొప్పున దింపారు. కారంటే నాకు భయం, ఆయనంటే గౌరవం రెండూ ఆ రోజే మొదలయ్యాయి.

1996 నవంబరు 6 రాత్రి తుపానుకి మా పెరట్లో కొబ్బరిచెట్లు వరసగా ఒరిగిపోయాయి. ఒకటి సరిగ్గా సావిడి మీద పడింది. పొద్దున్నే పెంకులు తీసి చూస్తే కారు పైకప్పు జంతికల గిద్దె పెట్టి నొక్కినట్టు లోపలికి దిగిపోయి ఉంది. అద్దం ఒక్కటి పగిలింది. ఆ తుపానులో మనుషులు పోయిన ఇళ్ళున్నాయి, మాది పెద్ద నష్టమని చెప్పుకోవడానికి నోరు రాదు. నెల్లాళ్ళు పోయాక అమలాపురం నుంచి ఓ మేస్త్రీ వచ్చి, లోపలి గుడ్డ విప్పి, చెక్కసుత్తితో కొట్టి కొట్టి కప్పుని పైకి లేపాడు. ఇప్పటికీ చెయ్యి పెట్టి తడిమితే ఆ సొట్టలు తెలుస్తాయి. ఆ రేకు మందం అటువంటిది.

మావయ్యగారు పోయాక "ఇక దీన్ని అమ్మేద్దాం" అన్న మాట ఏటా సంక్రాంతికి ఒకసారి వచ్చేది. మా వారి వాదనలో తప్పేం లేదు. ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మేలో తయారీ ఆగిపోయింది. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషను పొడిగించుకోవాలంటే 600 ఉన్న ఫీజు 5000 అయింది. అంబాసిడర్ అన్న పేరు మాత్రం 2017లో ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ 80 కోట్లిచ్చి కొనుక్కుందని పేపర్లో చదివాం. పేరు కొనేవాళ్ళకి లోటు లేదు, వాషరు చేసేవాళ్ళే కరువయ్యారు! పాత ఇనుం కొనేవాడు వచ్చి చుట్టూ తిరిగి, కిలోల్లెక్కన ఓ మాట చెప్పి కూడా వెళ్ళాడు.

అయినా అమ్మలేదు. దానికి కారణం మా అత్తగారి కాలు.

ఆవిడ తుంటి ఎముక విరిగితే రాడ్డు వేశారు. మోకాలు పూర్తిగా వంగదు. ఈ కాలం చిన్న కార్లలో కూర్చోవాలంటే నేల మీద పీట మీద కూర్చున్నట్టు కిందికి దిగాలి. పెద్ద కార్లయితే అటక ఎక్కినట్టు ఎక్కాలి. ఆటోలో కుదుపులకి రాత్రంతా మూలుగుతారు. అంబాసిడర్ సీటు సరిగ్గా కుర్చీ ఎత్తు. తలుపు బార్లా తెరుచుకుంటుంది. పక్కకి కూర్చుని, కాళ్ళు రెండూ ఒకదాని తరవాత ఒకటి లోపలికి తిప్పుకుంటే చాలు. కాలు చాపుకోవడానికి చోటు. ఎనభై ఏళ్ళ మనిషి గుమ్మం దాటి నలుగురి మొహాలు చూడాలంటే ఆ కారు కదలాలి. అది కదలకపోతే ఆవిడా కదలరు. ఇంతే లెక్క.

2024 సంక్రాంతి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అత్తగారిని తీసుకెళ్ళాం. కారులోంచి దిగకుండానే దూరాన్నుంచి ప్రభలకి దణ్ణం పెట్టుకున్నారు. తిరిగొస్తుంటే కాలవగట్టు మీద ఎదురుగా గడ్డిబండి వచ్చింది. మా వారు బ్రేకు నొక్కారు. కాలు నేలదాకా దిగిపోయింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ దిగిపోయింది. ఎడమ పక్క కాలవ. మీకు తెలుసుగా మా కోనసీమ రోడ్లు, ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేను, మధ్యలో చాప పరిచినంత దారి. ఆయన గేరు తగ్గించి, చేతిబ్రేకు లాగి, కుడి పక్కకి కోశారు. అక్కడెవరో వలిచిన కొబ్బరి డొక్కలు గుట్ట పోసి ఉంచారు. కారు ముక్కు అందులో దూరి ఆగింది. డొక్కలు పోసిన ఆ మహానుభావుడెవరో గానీ ఆయన కడుపు చల్లగా ఉండాలి.

అత్తగారికి ఏమీ కాలేదు. "ఏవిట్రా, ఇక్కడాపావు?" అన్నారు.

మర్నాడు మేస్త్రీ వచ్చాడు. డ్రైవరు కాళ్ళ దగ్గర చాప తీసి, రేకు బిళ్ళ విప్పి, కింద ఉన్న మాస్టర్ సిలిండరు బయటికి తీశాడు. దాని పని నాకు చెప్పిన తీరు బావుంది. మన పెరట్లో బోరింగు పంపు లేదూ? లోపల వాషరు గట్టిగా ఉన్నంతకాలం కొడితే నీళ్ళు పైకి వస్తాయి. వాషరు పోతే ఎంత కొట్టినా చప్పుడే. ఇక్కడ చేతికి బదులు కాలు, నీళ్ళకి బదులు బ్రేకాయిలు. కాలితో నొక్కితే మాస్టర్ సిలిండర్లోని రబ్బరు ఆయిల్ని సన్న గొట్టాల్లోంచి నాలుగు చక్రాలకీ తోస్తుంది. అక్కడ మళ్ళీ చిన్న సిలిండర్లు, వాటిలో చిన్న రబ్బర్లు. అవి బ్రేకు బద్దల్ని డ్రమ్ముకేసి ఒత్తుతాయి. మా కారు లాంటి పాతవాటిలో నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే వరస. ఎక్కడ ఒక్క చోట ఓడినా నాలుగూ పోయినట్టే. తరవాతి కాలం కార్లలో రెండు వరసలు పెట్టారట, ఒకటి పోయినా ఇంకోటి ఆదుకుంటుందని.

రబ్బరు చూపించాడు. చిన్న గిన్నెలా ఉండాల్సింది పొంగిన పూరీలా ఉంది. వేలితో తాకితే నల్లగా అంటుకుంది.

"ఇందులో బ్రేకాయిలు కాదండమ్మా, ఎవరో ఇంజనాయిలు పోసేసేరండి. అది తగిల్తే ఈ రబ్బరు ఉబ్బిపోద్దండి. ఆయ్."

నేను మా వారి వైపు చూశాను. మా వారు గోడ మీద కేలండరు వైపు చూశారు. దీపావళికి రాజమండ్రి వెళ్ళొస్తూ కొత్తపేట దగ్గర బ్రేకాయిలు తగ్గిందని, డిక్కీలో ఉన్న డబ్బాలోది కాస్త పోశారట. "ఏ ఆయిలైతేనేం" అనుకున్నారట. నేను పప్పులో నెయ్యికి బదులు ఆముదం పోసి "ఏదో జిడ్డేగా" అంటే ఊరుకుంటారా, మీరే చెప్పండి!

ఒక్క మాస్టర్ సిలిండరు రబ్బరు మారిస్తే లాభం లేదన్నాడు మేస్త్రీ. ఆ నూనె గొట్టాలన్నిటిలోకీ వెళ్ళింది కాబట్టి నాలుగు చక్రాల్లో రబ్బర్లు, రబ్బరు గొట్టాలు అన్నీ మార్చాలి. గొట్టాలు స్పిరిటుతో కడగాలి. పైగా సిలిండరు లోపల తుప్పు తిని గుంటలు పడ్డాయి. బ్రేకాయిలు గాల్లోంచి తేమ పీల్చుకుంటుందట, అందుకే రెండేళ్ళకోసారి మార్చాలట. నాలుగు వైపులా నీళ్ళే ఉన్న మా సీమలో, పైగా నెలకోసారి కదిలే కారులో, ఇక చెప్పేదేముంది.

సరే, నెమ్మదిగా చూద్దాం అనుకున్నాం. ఆ వారంలోనే రాజోలు అవతల నుంచి కబురొచ్చింది. మా పెద్దత్తగారు, అంటే అత్తగారి అక్కగారు, మంచం పట్టారని. అన్నం సరిగ్గా తినడం లేదు, చెల్లెల్ని చూడాలని అడుగుతున్నారని.

అత్తగారు మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, గంజిపెట్టిన చీర కట్టుకుని, అరుగు మీద కూర్చున్నారు. "కారు తియ్యమను" అన్నారు.

"బ్రేకులు లేవండీ అత్తయ్యగారూ."

"చేతిబ్రేకు ఉందిగా. మీ మావయ్యగారు దాంతోనే పంటు దింపేవారు. నెమ్మదిగా పోదాం. పాతిక కిలోమీటర్లకి ఇంత ఆలోచనేవిటే?"

మేస్త్రీ కూడా మెత్తబడ్డాడు. ఉన్న రబ్బర్లే కడిగి, తిరగేసి బిగిస్తే ఒక ట్రిప్పుకి ఆగొచ్చన్నాడు. మా వారు తల్లి మొహం చూసి ఊగిసలాడుతున్నారు. నేనే అడ్డం పడ్డాను. గన్నవరం దాటాక అంతా కాలవగట్టు. ఆ డొక్కల గుట్ట ప్రతి మలుపులోనూ ఉండదు కదా. "ఆ కారు గుమ్మం దాటితే నా మీంచి వెళ్ళాలి" అన్నాను. అంత మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు. కోడలి నోట అలాంటి మాట ఆవిడ ముప్పై ఏళ్ళలో వినలేదు.

పోనీ టాక్సీ మాట్లాడతామన్నాం. ఓ తెల్ల కారు వచ్చింది. ఎక్కించడానికి ఇద్దరం పట్టుకున్నాం, కాలు వంగలేదు, ఆవిడ కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. వద్దన్నారు. లోపలికెళ్ళి మంచమెక్కారు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశారు. ఏం కావాలన్నా పనిపిల్లతో చెప్పేవారు. "అమ్మా" అని నేను పిలిస్తే గోడకి తిరిగేవారు. పెద్దావిడ అక్కడ రోజులు లెక్కపెట్టుకుంటుంటే ఇక్కడ నేను దారికి అడ్డం నిలబడ్డాననే కదా ఆవిడ బాధ. ఆవిడకి ఏమైనా అయితే నా మొహం నేను అద్దంలో చూసుకోలేనని నాకూ తెలుసు.

అప్పుడు మొదలుపెట్టాను వాషర్ల వేట.

అమలాపురంలో తెలిసిన షాపులన్నీ ఒక పూటలో అయిపోయాయి. "అంబాసిడరా?" అని నవ్వారు. ఒకాయన మాత్రం వెతికి ఓ పెట్టె తెచ్చాడు గానీ కొలత చెప్పమన్నాడు. ముందు చక్రాలకొకటి, వెనక చక్రాలకొకటి, మాస్టరుకొకటి. రబ్బరు మీదే అంగుళాల్లో అంకె పోసి ఉంటుందట. నా సంచీలోది ఉబ్బి, కరిగి ఉంది. అంకె లేదు, ఆకారమూ లేదు. పాత ముక్క ఉండీ లేనట్టయింది.

మర్నాడు రావులపాలెం మీదుగా రాజమండ్రి. అక్కడొక షాపులో అదృష్టం పండిందనుకున్నాను. దుమ్ము కొట్టుకున్న అట్టపెట్టె, లోపల జిడ్డు కాయితం, అందులో మెరుస్తున్న నల్లటి రబ్బర్లు. ఎవరూ తెరవలేదు. "కంపెనీ మాలమ్మా, ఇక దొరకదు" అన్నాడు. అడిగినంత ఇచ్చి, గుళ్ళో ప్రసాదంలా పట్టుకొచ్చాను. మేస్త్రీ ఒకటి తీసి బొటనవేలితో వెనక్కి వంచాడు. అంచు చుట్టూ తెల్లటి చీలికలు తేలాయి. గోరు గుచ్చితే దిగలేదు. అరిసె గట్టిపడినట్టు గట్టిపడింది.

"ఎన్నేళ్ళ నాడు చేసిందోనండి. రబ్బరు వాడకపోయినా ముసల్దయిపోద్దండమ్మా."

ఆ మాట నాకు అప్పటిదాకా తట్టలేదు. ఇనప వస్తువులు, గాజు, గేరు పళ్ళు, బేరింగులు నూనె రాసి దాచుకుంటే ఎన్నాళ్ళయినా ఉంటాయి, ఆవకాయ జాడీలా. రబ్బరు అలా కాదు, పెరుగులాంటిది. ఎప్పటికప్పుడు తాజాగా ఉండాలి. కాబట్టి పాత కారుకి పాత పెట్టెలోది దొరికిందని సంబరపడకూడదు. షాపులోనే వంచి చూడాలి, గోరు గుచ్చి చూడాలి. ఇది డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. వాపసు తీసుకోమంటే ఆ షాపాయన "తెరిచిన సరుకమ్మా" అన్నాడు.

ఆ రాత్రి వంటింట్లో కూర్చుని మా వారితో చెప్పుకుంటున్నాను, ఒక్క మంచి ముక్క, అంకె కనిపించేది ఒక్కటి ఉంటే చాలు, విజయవాడ అయినా వెళ్తానని. పక్కగదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. ఆరు రోజుల తరవాత.

"అటక మీద డాల్డా డబ్బా చూశారా?"

నాతో కాదు, కొడుకుతోనే అన్నారు. అయినా నేనే నిచ్చెన ఎక్కాను. మావయ్యగారికి కారులోంచి తీసిన ఏ ముక్కా పారేసే అలవాటు లేదు. అరిగిన కార్బన్ బేరింగు, మాడిన పాయింట్లు, విరిగిన తలుపు పిడి అన్నీ డబ్బాలో. అడుగున ఓ కాయితం పొట్లం. ఆయన దస్తూరీతో పైన "బ్రేకు వాషర్లు, తీసినవి" అని రాసి ఉంది. మూడు సైజులు. అరిగినవే, పనికిరానివే, కానీ ఒక్కొక్కదాని మీదా అంకె ముత్యంలా ఉంది. దీపం దగ్గర పెట్టుకుని చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. అత్తగారు మంచం మీద లేచి కూర్చుని చూస్తున్నారు. "ఉన్నాయా?" అన్నారు. "ఉన్నాయండీ" అన్నాను. అంతే. మాటలు కలిసినట్టే లెక్క.

విజయవాడ ఆటోనగర్ మీరు చూశారో లేదో. వీధులకి వీధులు లారీలే. ఒకచోట బాడీ కడుతుంటారు, ఒకచోట కమాన్లు కొడుతుంటారు, ఒకచోట ఇంజను విప్పి పరిచి ఉంటుంది. ఇంజనాయిలు గుమ్మాల్లో చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, పొట్లం చేత్తో పట్టుకుని తిరిగాను. చాలామంది లారీ సామాను తప్ప పెట్టరు. ఇద్దరి దగ్గర అంబాసిడర్‌ది ఉంది గానీ అది తరవాతి రకానికి. చివరికి ఓ పెద్దాయన కళ్ళజోడు పైకెత్తి అంకెలు చదివి, "ఇంత పాతదానికి ఇక్కడ తిరక్కమ్మా. కలకత్తాలో మల్లిక్ బజార్ అని ఉంది. ఆ ఊళ్ళో పసుపు టాక్సీలు ఇవే కదా. అక్కడ దొరుకుతుంది" అన్నాడు. పైగా మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు. ఏమీ కొనని బేరానికి ఎవరిస్తారు మంచినీళ్ళు?

కలకత్తా అనగానే ఖరగ్‌పూర్ గుర్తొచ్చింది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లోనే మన తెలుగువాళ్ళు పనులకి వెళ్ళి అక్కడ స్థిరపడ్డారు. మా పిన్ని అత్తవారిదీ అలాంటి కుటుంబమే. ఆవిడ కొడుకుకి ఫోన్ చేసి, పొట్లంలోని ముక్కలకి ఫొటోలు తీసి పంపాను. వాడు ఆదివారం లోకల్ రైలెక్కి హౌరా వెళ్ళి, అక్కణ్ణుంచి మల్లిక్ బజార్ చేరాడు. షాపులోంచి ఫోన్. "అక్కా, ఉన్నాయి. తీసుకోనా?"

"వంచి చూడు. గోరు గుచ్చి చూడు."

"వాళ్ళు తిడతారక్కా."

"తిట్టనీ. పెద్దత్తగారిని చూడాలి మేం."

మెత్తగా ఉన్నాయి, చీలికల్లేవు, పొట్లం మీద చేసిన నెలా సంవత్సరమూ కూడా ఉన్నాయి. వాళ్ళ కాలనీలోంచి రాజమండ్రి వచ్చే వాళ్ళ చేతికిచ్చి పంపాడు. రైలు దిగీ దిగగానే మా వారు స్టేషన్లో అందుకున్నారు. మా కోనసీమ లంకల్లోకి రైలు రాదు కదా, ఏది కావాలన్నా రాజమండ్రి పరుగే. అప్పటికే మాస్టర్ సిలిండరుని ఆ ఊళ్ళోనే లేతు పనివాడికి ఇచ్చి ఉంచాం. గుంటలు పడ్డ లోపలి భాగాన్ని చెక్కేసి, సన్న ఇత్తడి గొట్టం బిగించి, పాత కొలతకే నున్నగా తీశాడు. వాషర్లన్నీ కలిపి వెయ్యి రూపాయల లోపే. బస్సులు, లేతు, రాజమండ్రి షాపులో పారేసుకున్నది కలిపితే దానికి అయిదింతలైంది. మా వారు ఆ లెక్క ఎత్తినప్పుడల్లా నేను "ఇంజనాయిలు" అంటాను. లెక్క అక్కడితో ఆగిపోతుంది.

బిగించే రోజు మేస్త్రీ కుర్రాడు రాలేదు. బ్రేకు గొట్టాల్లో గాలి తియ్యడానికి ఇద్దరు కావాలి, ఒకరు లోపల కూర్చుని పెడలు నొక్కాలి, ఒకరు చక్రం దగ్గర మర విప్పాలి. మా వారు ఊళ్ళో లేరు. "అమ్మగారూ, మీరు నొక్కుతారేటండి?" అన్నాడు. చెప్పులు విప్పి కూర్చున్నాను. "నొక్కండి... పట్టుకోండి... వదలండి." పెడలు మొదట్లో మజ్జిగలో కవ్వం దిగినట్టు దిగిపోయింది. మర దగ్గర పెట్టిన సీసాలో బుడగలు వచ్చాయి. మళ్ళీ నొక్కు, పట్టుకో, వదులు. వెనక ఎడమ చక్రం, వెనక కుడి, ముందు... అరుగు మీద కూర్చున్న అత్తగారు జపమాల తిప్పుతున్నట్టు లెక్కపెడుతున్నారు. కాలు నొప్పెట్టింది. ఎప్పటికో పెడలు సగంలో ఆగి, రాయిలా నిలబడింది. ఇంకా నొక్కాను. దిగలేదు. ఆ గట్టిదనం అరికాల్లోంచి నడినెత్తి దాకా తెలిసింది నాకు.

రెండు రోజులు ఊళ్ళోనే తిప్పి చూశాం. చక్రాల దగ్గర ఎక్కడా చెమ్మ లేదు. మూడో రోజు బయల్దేరాం. అత్తగారు తెల్లారుజామునే లేచి పనసపొట్టు కూర ఆవ పెట్టించి క్యారేజీలో సర్దించారు. అక్కగారికి ఇష్టం. గన్నవరం దగ్గర వైనతేయ దాటి, తాటిపాక మీదుగా రాజోలు. ప్రతి మలుపులోనూ నా కుడికాలు దానంతటదే నేలకేసి నొక్కుతోంది, నడిపేది నేనైనట్టు.

పెద్దత్తగారు ఎముకల గూడులా ఉన్నారు. కళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి ఆవిడ, "ఎలా వచ్చావే ఈ కాలేసుకుని?" అన్నారు.

"మన కారులోనే."

"ఇంకా ఉందిటే అది!"

చూస్తానన్నారు. మంచం కిటికీ పక్కకి జరిపారు. మా వారు కారుని వీధిలోంచి తిప్పి కిటికీ ఎదురుగా తెచ్చి, ఆపి, ఒకసారి హారను కొట్టారు. పెద్దావిడ నవ్వారు. పనసపొట్టు కూరతో రెండు ముద్దలు తిన్నారు. ఆ వైశాఖంలో పోయారు. ఈలోగా అత్తగారు మరో మూడుసార్లు వెళ్ళొచ్చారు.

తీసిన వాషర్లు పారెయ్యబోతుంటే అత్తగారు చెయ్యి చాపి అడిగారు. కొత్త పొట్లాలు వచ్చిన కాయితంలోనే చుట్టి, పైన నాతో అంకెలు, తేదీ రాయించి, డాల్డా డబ్బాలో వేశారు. డబ్బా ఇప్పుడు అటక మీద ఉండటం లేదు, వంటింట్లో పోపులపెట్టె పక్కనే ఉంటోంది.

మొన్న పెట్రోలు పంపు మొరాయించింది. లోపలి డయాఫ్రం రబ్బరు మెత్తబడి చిల్లు పడిందట. ఇప్పుడు పెట్రోల్లో నూటికి 20 పాళ్ళు ఇథనాల్ కలుపుతున్నారు కదా, పాత కాలం రబ్బర్లకి అది పడదంటున్నాడు మేస్త్రీ. దానికి తట్టుకునే రకం రబ్బరుది వెతకాలి. పాత ముక్క సంచీలో వేసుకున్నాను. రేపు పొద్దున్న ఆరింటి బస్సుకి రాజమండ్రి.